రోజ్ బెంగాల్ అంటని చోటు

1933లో హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టరు తన పరిశోధన వ్యాసాన్ని జర్మన్ భాషలో అచ్చు వేయించి పరీక్షకుల ముందు పెట్టాడు. అందులో ఉన్నది 19 మంది స్త్రీల కళ్ళ సంగతి. అందరికీ కళ్ళు పొడిబారి గరగరలాడేవి. వాళ్ళలో 13 మందికి కీళ్ళవాతం కూడా ఉంది. షోగ్రెన్ వాళ్ళ కళ్ళలో రోజ్ బెంగాల్ అనే ముదురు గులాబీ రంగు చుక్క వేసి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో వేస్తే ఆ రంగు కన్నీళ్ళతో కలిసి కొట్టుకుపోతుంది. వీళ్ళ కళ్ళలో నిలిచిపోయింది. రెప్పలు తెరిచినప్పుడు బయటికి కనిపించే మేర, నల్లగుడ్డుకు అటూ ఇటూ తెల్లగుడ్డు మీద ముక్కోణాల ఆకారంలో సన్నని ఎర్రచుక్కలు తేలాయి.

పరీక్షకులకు ఆ వ్యాసం పెద్దగా ఆనలేదు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అర్హత షోగ్రెన్‌కు దక్కలేదు. జబ్బుకు మాత్రం ఆయన పేరే ఖాయమైంది. షోగ్రెన్ సిండ్రోమ్ గురించి ఇవాళ ఏ కీళ్ళ డాక్టరును అడిగినా చెబుతారు. మనకు కావలసింది ఆ రంగు సంగతి. అది జబ్బు కంటికి ఎందుకు అంటుకుంది అని అందరూ అడిగారు. ఆరోగ్యమైన కంటికి ఎందుకు అంటదు అని అడగడానికి దాదాపు 60 ఏళ్ళు పట్టింది. ఆ రెండో ప్రశ్నకు దొరికిన జవాబు చక్కెర.

రోజ్ బెంగాల్ పుట్టింది బట్టల కోసం. 1882లో రాబర్ట్ గ్నేమ్ అనే స్విస్ రసాయనవేత్త తయారుచేశాడు. 1914లో జర్మనీలో కంటి డాక్టర్ల చేతికి వచ్చింది. చచ్చిన కణాలకూ చావబోయే కణాలకూ ఈ రంగు పడుతుందనీ, బతికున్న కణానికి పట్టదనీ డాక్టర్లు నమ్మారు. నమ్మడం తేలిక కూడా, ఎందుకంటే జబ్బు కళ్ళలో చెడిన కణాలు ఎలాగూ ఉంటాయి. పాఠ్యపుస్తకాలు అదే రాశాయి, విద్యార్థులు అదే వల్లించారు. ఒక పనికొచ్చే పరీక్షకు తప్పు వివరణ తగిలించినా పరీక్ష పనిచేస్తూనే ఉంటుంది. అందుకే అలాంటి తప్పు దశాబ్దాలు బతుకుతుంది.

ఈలోగా కన్నీటి మీద వేరే పంచాయితీ నడిచింది. కంటి మీది తడి ఒట్టి నీరు కాదనీ, పైన నూనె, నడుమ నీరు, అడుగున జిగురు అని మూడు పొరలుంటాయనీ 1946లో యూజీన్ వుల్ఫ్ చెప్పాడు. ఆ జిగురు కంజంక్టివాలోని గోబ్లెట్ కణాల నుంచి వస్తుంది. కంజంక్టివా అంటే తెల్లగుడ్డును కప్పి, రెప్పల లోపలివైపుకు మడత తిరిగే పలచని శ్లేష్మపొర. కండ్లకలక వస్తే ఎర్రబడేది అదే. 1971లో బోస్టన్‌లో ఫ్రాంక్ హోలీ, మైకేల్ లెంప్ ఇంకో అడుగు వేశారు. నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన కార్నియా పొర మీది కణాలు సహజంగా నీటిని పడనివ్వవనీ, రెప్ప వాలినప్పుడల్లా గోబ్లెట్ కణాల జిగురు వాటి మీద పూతలా పడబట్టే కన్ను తడుస్తోందనీ వాళ్ళ వాదన. జిగురును తుడిచేసి కార్నియా మీద నీటిబొట్టు వేస్తే అది పరుచుకోకుండా గుండ్రంగా నిలబడింది. ఇంతకంటే రుజువేం కావాలి? కృత్రిమ కన్నీళ్ళు తయారుచేసేవాళ్ళందరికీ ఈ సిద్ధాంతమే ఆధారమైంది.

అయితే తుడవడంలోనే తిరకాసు ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ టిఫనీ, ఆయన సహచరులు 1986లో ఆ ప్రయోగాన్ని మళ్ళీ తిరగేశారు. జిగురుతోపాటు కణాల పైభాగం కూడా గీచుకుపోతోందని తేల్చారు. కణాలకు దెబ్బ తగలకుండా జిగురు ఒక్కటే తీస్తే, అడుగున ఉన్న కణం తానే చక్కగా తడుస్తోంది. అంటే నీటిని పట్టి ఉంచేది ఎక్కడినుంచో వచ్చి పడ్డ పూత కాదు, ఆ కణం ఒంటి మీద పుట్టిందే.

అదేమిటో చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావలసి వచ్చింది. దాంట్లో పెట్టాలంటే కణజాలాన్ని రసాయనాల్లో నానబెట్టాలి, నీరంతా పీల్చేయాలి, సన్నగా కోయాలి. ఈ తతంగంలో మొదట కొట్టుకుపోయేది పైనున్న ఆ పలచని పదార్థమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్రకోమా అనే కంటి అంటువ్యాధి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన చాండ్లర్ డాసన్ బృందంలో బార్బరా నికల్స్ దాన్ని నిలబెట్టి చూపించింది. 1983లో అచ్చయిన ఆ చిత్రాల్లో కార్నియా, కంజంక్టివా పైకణాల ఉపరితలం సన్నని గట్లు గట్లుగా ఉంటుంది. ఆ గట్ల కొసల నుంచి పీచుల్లాంటి పోగులు కన్నీటిలోకి నిక్కి ఉంటాయి. వాటి పొడవు దాదాపు 300 నానోమీటర్లు. కన్నీటి పొర మొత్తం మందమే 3 మైక్రాన్లు అని తర్వాత కొలతల్లో తేలింది. అంటే కంటి తడిలో అడుగు పదో వంతు ఈ పోగులతో నిండి ఉందన్నమాట. ఇంగ్లండ్‌లో నోయెల్ డిల్లీ 1985లో ఇంకొకటి చూపించాడు. కంజంక్టివాలో గోబ్లెట్ కణాలు కాని మామూలు కణాల్లో కూడా చిన్న చిన్న తిత్తులున్నాయి. అవి పైకి వచ్చి పగిలి, తమ లోపలి సరుకును కణం ఒంటిమీదే అతికించి పోతున్నాయి. ప్రతి కణం తన కప్పుకు కావలసింది తానే నేసుకుంటోంది.

ఆ పోగులు ఎక్కువగా చక్కెరలతో కట్టినవని రసాయన రంగులు అప్పటికే సూచించాయి. ఏ చక్కెర, ఏ వరుసలో అన్నది తేల్చడానికి గింజలు సాయపడ్డాయి. ఈ ముచ్చటకు కాస్త వెనక్కి వెళ్ళాలి. 1888లో డోర్పాట్‌లో, అంటే ఇప్పటి ఎస్తోనియాలోని టార్టులో, హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి ఆముదం గింజల విషాన్ని తీసి రక్తంలో కలిపితే ఎర్రకణాలు గడ్డలు గడ్డలుగా అంటుకున్నాయి. ఆ గింజలోని ప్రోటీను కణాల మీది చక్కెరను పట్టుకుంటోందని అప్పట్లో ఎవరికీ తెలీదు. 1950లలో లండన్‌లో వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ ఇలాంటి ప్రోటీన్లతోనే పనిచేసి, మన రక్తం గ్రూపులను వేరుచేసేవి కణాల మీది చక్కెరలేనని తేల్చారు. ఆ ప్రోటీన్లకు లెక్టిన్లని పేరు పడింది. ఒక్కొక్క గింజ లెక్టిను ఒక్కొక్క చక్కెరనే గుర్తుపడుతుంది. 1975లో ఇజ్రాయెల్‌లో నేథన్ షారన్ బృందం వేరుశనగ నుంచి లెక్టిన్‌ను శుద్ధి చేసింది. గెలాక్టోజ్, దాని కింద ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమిన్ జంటగా ఉన్నచోటే అది అంటుకుంటుంది. ఆ జంట మీద సయాలిక్ ఆసిడ్ అనే మూత ఉంటే అంటదు. మూతను ఎంజైముతో తీసేస్తే అంటుతుంది. ఇది చాలు, ఒక చక్కెర గొలుసును కొసనుంచి మొదలుదాకా చదువుకుంటూ పోవచ్చు.

1984లో జపాన్ వైద్యులు మనిషి కంజంక్టివా గోబ్లెట్ కణాల మీద ఈ లెక్టిన్లను ప్రయోగించి చూశారు. అదే ఏడు అమెరికాలో వెల్స్, హాజ్‌లెట్ చుంచెలుక కన్ను మీద ప్రయోగించారు. హాజ్‌లెట్ అసలు ఆసక్తి సూడోమోనాస్ బ్యాక్టీరియా కార్నియాను ఎలా పట్టుకుంటుందన్నది. పట్టుకోవడానికి చక్కెరే చెయ్యందిస్తోందేమోనన్న అనుమానం ఆమెది. ఆ అనుమానం దగ్గరికి చివర్లో మళ్ళీ రావాలి.

లెక్టిన్లకు దొరికిన బొమ్మ ఇది. మధ్యలో పొడుగాటి ప్రోటీన్ వెన్ను, దాని చుట్టూ వందల కొద్దీ పొట్టి చక్కెర గొలుసులు, సీసాలు కడిగే బ్రష్షులాగా. వీటిని మ్యూసిన్లంటారు. బరువులో సగానికి పైగా చక్కెరే. గొలుసుల కొసన సయాలిక్ ఆసిడ్, దానికి రుణావేశం. దగ్గర దగ్గరగా ఉన్న రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందువల్ల బ్రష్షు ఎప్పుడూ నిటారుగా, నీటిని పట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు ఒక కాగితం ముక్క సంగతి. కంటి పైకణాలను పరీక్షించాలంటే అంతకుముందు కత్తెరతో చిన్న ముక్క కోయాల్సి వచ్చేది. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో పీటర్ ఎగ్బర్ట్, ఆయన సహచరులు వడపోత కాగితాన్ని చిన్న పట్టీగా కత్తిరించి, మత్తుచుక్క వేసిన తెల్లగుడ్డు మీద రెండు మూడు సెకన్లు అద్ది, మెల్లగా ఒలిచి తీశారు. దాంతో పాటు పైవరస కణాలు, చెక్కు చెదరకుండా, పక్కపక్కనే ఉన్న వరసలోనే వచ్చేశాయి. చక్కెరలను పట్టే పీఏఎస్ రంగులో ముంచితే గోబ్లెట్ కణాలు ఎర్రగా, మిగతావి లేతగా కనిపిస్తాయి. గోబ్లెట్ కణాలు ఎన్నున్నాయో లెక్క పెట్టొచ్చు. ఇంత చవకైన పద్ధతి ఇంత ఆలస్యంగా తట్టడం ఆశ్చర్యమే.

ఆ కాగితం బీద దేశాల పిల్లలకు బాగా పనికొచ్చింది. విటమిన్ ఎ తగ్గిన పిల్లలకు మొదట రేచీకటి వస్తుంది, తర్వాత తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు లేస్తాయి. 1863లో బోర్డోలో పియెర్ బిటో ఆ మచ్చలను వర్ణించాడు. మన దేశంలో ఈ లోపం ఎంత తీవ్రంగా ఉండేదో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు బాగా తెలుసు. పెద్ద మోతాదు విటమిన్ ఎ ఒక్కసారి తాగిస్తే నెలల తరబడి పనిచేస్తుందని ఆ సంస్థ ఊళ్ళల్లో పరిశీలించి చూపించాకే, 1970లో కేంద్రం పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల చొప్పున తాగించే కార్యక్రమం మొదలుపెట్టింది. అంగన్‌వాడీలో చెంచాతో పోసే ఆ పసుపు మందు అదే. మచ్చలు లేవక ముందే లోపాన్ని పట్టవచ్చా? ఇండొనేషియాలో ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం 1987లో కాగితం అద్ది చూపించింది. పైకి బాగానే కనిపిస్తున్న కంట్లో కూడా గోబ్లెట్ కణాలు మాయమై ఉన్నాయి. విటమిన్ ఎ లేకపోతే ఏమవుతుందన్నది 2000లో బోస్టన్‌లో ఎలుకల మీద తేలింది. మ్యూసిన్ జన్యువులే పనిచేయడం ఆపుతాయి. శ్లేష్మపొర తన స్వభావం వదిలేసి చర్మంలా గట్టిపడుతుంది.

తిరిగి రోజ్ బెంగాల్ దగ్గరికి. 1992లో మయామీలో ఫీన్‌స్ట్రా, షెఫర్ సెంగ్ ఒక పని చేశారు. గాజుపళ్ళెంలో పెంచిన కుందేలు కార్నియా కణాల మీద, బతికి బట్టకట్టి చక్కగా ఉన్న వాటి మీద, ఈ రంగు వేశారు. అన్నీ ఎర్రబడ్డాయి. చచ్చిన కణాలకే పడుతుందన్న మాట అక్కడితో కూలిపోయింది. పైగా రంగే కణాలను చంపుతోంది, వెలుతురు తగిలితే ఇంకా వేగంగా. కణాలకు ముందే మ్యూసిన్ పూత పూసి రంగు వేస్తే మాత్రం అంటలేదు. అంటే షోగ్రెన్ చూసిన ఎర్రచుక్కలు చావుకు గుర్తులు కావు, కప్పు పోయిన చోట్లు. ఆరోగ్యమైన కంట్లో ఆ కప్పు ఉంది కాబట్టే రంగు జారిపోతోంది. అరవై ఏళ్ళ పాటు ప్రపంచంలో ప్రతి కంటి ఆసుపత్రీ చక్కెర కప్పునే కొలుస్తూ, కణాల చావును కొలుస్తున్నామనుకుంది.

ఏ మ్యూసిన్? బోస్టన్‌లోని షెపెన్స్ కంటి పరిశోధన సంస్థలో ఇలీన్ గిప్సన్ ఈ ప్రశ్న వెంటపడింది. చుంచుల్లో మనిషి కార్నియా కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టించి, వాటిలోంచి పైవరస కణాలకు మాత్రమే అంటేదాన్ని ఏరారు. దానికి హెచ్185 అని నంబరు పెట్టి 1995లో ప్రకటించారు. 1998లో దాన్ని కాగితం మీదికి ఒలిచిన కణాల మీద వేశారు. ఆరోగ్యమైన కంట్లో ఒక కణం వెలుగుగా, పక్కది మసకగా, ఇంకొకటి చీకటిగా, రాళ్ళు పరిచిన వీధిలా కనిపించింది. కళ్ళు పొడిబారిన రోగుల్లో ఆ పరుపు చెరిగిపోయి, చీకట్లో అక్కడక్కడ చుక్కలు మిగిలాయి. పరిశోధకులు దానికి చుక్కల ఆకాశం అని పేరు పెట్టుకున్నారు. పేరు అందంగానే ఉంది, రోగికి కాదు. రోజ్ బెంగాల్ ఎంత ఎక్కువ అంటుకుంటే పరుపు అంత చెదిరి ఉంది.

యాంటీబాడీ ఉంది కానీ అది పట్టుకుంటున్న మ్యూసిన్ ఏదో తెలీలేదు. ఆ ముడి కంటి ప్రయోగశాలలో విడలేదు, కేన్సర్ పరిశోధనలో విడింది. అండాశయ కేన్సర్ అనుమానంతో డాక్టర్లు రాసే సీఏ-125 రక్తపరీక్ష మన ఊళ్ళలో డయాగ్నొస్టిక్ సెంటర్ల వాళ్ళకు కొత్తకాదు. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం ఆ పదార్థాన్ని గుర్తించింది. అదేమిటో మాత్రం ఇరవై ఏళ్ళు తెలియలేదు. 2001లో దాని జన్యువు దొరికింది. అదొక రాక్షస మ్యూసిన్, దాదాపు 22 వేల అమైనో ఆమ్లాల పొడవు. ఎంయూసీ16 అని పేరుపెట్టారు. గిప్సన్ దగ్గర పనిచేస్తున్న పాబ్లో ఆర్గెసో 2003లో చూస్తే హెచ్185 పట్టుకుంటున్నదీ అదే. కేన్సర్‌కు గుర్తుగా రక్తంలో వెతికే పదార్థం, ఆరోగ్యమైన ప్రతి కంటి మీద రేయింబవళ్ళు కాపలా కాస్తోంది. 2006లో ఆర్గెసో ఇంకా లోపలికి వెళ్ళాడు. హెచ్185 పట్టుకునేది ప్రోటీన్‌ను కాదు, దాని కొసనున్న సయాలిక్ ఆసిడ్‌లో ఎసిటైల్ గుంపు తగిలించుకున్న రకాన్ని. రాళ్ళ వీధిగా కనిపించినదంతా చక్కెర పటమన్నమాట.

అదే ఏడు గాజుపళ్ళెంలో కార్నియా కణాలను వరసలు వరసలుగా పెంచి రోజ్ బెంగాల్ వేశారు. అక్కడక్కడ దీవుల్లా కొన్ని చోట్ల రంగు అంటలేదు. ఎంయూసీ16, దాని చక్కెరలు ఉన్నవి ఆ చోట్లే. మ్యూసిన్ ఉన్నంత మాత్రాన రంగు ఎలా ఆగుతుంది? ఈ చిక్కు 2009లో విడింది. కణాలు గెలెక్టిన్-3 అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతాయి. గింజల్లో ఉన్నట్టే మన ఒంట్లో ఉన్న లెక్టిన్ ఇది. మ్యూసిన్ల మీది గెలాక్టోజ్‌ను పట్టుకుని ఒకదానికొకటి కట్టేసి, పైన ఒక వల అల్లుతుంది. ఆర్గెసో బృందం ఆ వల మీద లాక్టోజ్ పోసింది. పాలలో ఉండే చక్కెరే. గెలెక్టిన్ మ్యూసిన్లను వదిలేసి లాక్టోజ్‌ను పట్టుకుంది, వల విడిపోయింది, రోజ్ బెంగాల్ లోపలికి దిగింది. మ్యూసిన్‌కు ఆ గెలాక్టోజ్‌ను అతికించే ఎంజైమును అణిచేసినా అంతే జరిగింది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ప్రయోగం ఇదే. ఖరీదైన మందేదీ లేదు, పాల చక్కెరతో కోట తలుపు తీశారు.

ఈలోగా వైద్యం కూడా దిశ మార్చుకుంది. కన్ను పొడిబారితే నీరు చేర్చాలన్న పాత ధోరణి పక్కన, మ్యూసిన్‌ను పెంచాలన్న ఆలోచన వచ్చింది. 2010లో జపాన్ డైక్వాఫొసాల్ చుక్కలకు అనుమతిచ్చింది. గోబ్లెట్ కణాల నుంచి మ్యూసిన్ జిగురును విడుదల చేయించడం దాని పని. అన్ని రకాల పొడికళ్ళకూ అది సమంగా పనిచేస్తుందని చెప్పలేం.

ఇక హాజ్‌లెట్ అనుమానం. కాపలా కాసే చక్కెరే దొంగకు నిచ్చెన కాగలదు. 2000లో స్వీడన్‌లోని ఉమెయోలో నిక్లాస్ ఆర్న్‌బెర్గ్ బృందం, తీవ్రమైన కండ్లకలక తెచ్చే అడినోవైరస్ 37వ రకం కణంలోకి చొరబడేందుకు సయాలిక్ ఆసిడ్‌ను పట్టుకుంటోందని చూపించింది. 2003లో నెదర్లాండ్స్ కోళ్ళఫారాల్లో హెచ్7ఎన్7 ఫ్లూ రేగినప్పుడు 89 మందికి సోకితే వాళ్ళలో 78 మందికి వచ్చింది కండ్లకలకే. పక్షుల ఫ్లూ వైరస్‌కు ఇష్టమైన సయాలిక్ ఆసిడ్ రకం మన కంటి మీద దండిగా ఉండటమే కారణమని అనుకుంటున్నారు. మరి ఎంయూసీ16 అంతటి వల ఉండగా అడినోవైరస్ ఎలా దాటుతోంది? 2016లో గిప్సన్, జేమ్స్ చోడోష్, జయా రాజయ్య బృందం దీన్ని చూసింది. తీవ్రమైన కండ్లకలక తెచ్చే రకాలు ముందు ఎంయూసీ16 బయటిభాగం తెగి రాలిపోయేలా చేస్తున్నాయి, తర్వాతే లోపలికి వెళ్తున్నాయి. దగ్గరి చుట్టమైనా ఆ జబ్బు తేని రకానికి ఆ విద్య రాదు.

వైరస్ నుంచి పొడుచుకొచ్చే కాడ చివర సయాలిక్ ఆసిడ్ కూర్చునే గుంటలు మూడున్నాయి. ఉమెయో రసాయనవేత్తలు 2011లో మూడు చేతులకు మూడు సయాలిక్ ఆసిడ్లు తగిలించిన అణువును తయారుచేసి, ఆ మూడు గుంటల్లోనూ ఇరికించారు. కార్నియా కణాల మీద వైరస్ సోకడం బాగా తగ్గింది. అది గాజుపళ్ళెంలో. ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఈ రకం కండ్లకలకకు ప్రత్యేకమైన మందు లేదు. కళ్ళు నలపొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో అందరూ ఒకే తువ్వాలు వాడకండి అనే డాక్టర్లు చెబుతారు.